పడమటికి నడిచిన డ్రమ్ము

దయ్యాల విషయంలో నేను మొండివాడిని. ఈ మాట ముందే చెప్పేస్తే, తర్వాత చెప్పబోయేది మీరు కాస్తయినా నమ్ముతారని ఆశ. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో పదహారేళ్ళు పనిచేశాను. ఒకరోజు మధ్యాహ్నం అందరం అన్నాలు తింటుంటే మూలనున్న మిషను తనంతట తానే కుట్టడం మొదలుపెట్టింది. అందరూ టిఫిన్లు వదిలేసి బయటికి పరుగెత్తారు. నేను వెళ్ళి చూస్తే పెడలు మీద పందికొక్కు కూర్చుని ఉంది. దాన్ని తరిమేసి వచ్చి నా అన్నం తిన్నాను. పక్కవాడి టిఫిన్లో ఉన్న కోడిగుడ్డు కూడా తిన్నాను.

నా పేరు మస్తాన్ వలి. మాది బత్తలపల్లె వైపు ఒక ఊరు. ఊరికి ఆనుకుని పెద్ద చెరువు ఉంది. చెరువంటే పేరుకే. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి అందులో చెనిక్కాయ పంట తప్ప నీళ్ళు చూసింది లేదు. కట్ట మీద నిలబడి చూస్తే లోపల చేన్లు, గెనిమ గట్లు, బావులు, వేపచెట్లు కనిపించేవి. మేము క్రికెట్ ఆడింది కూడా చెరువు మధ్యలోనే.

అలాంటి చెరువుకు కాలవ నీళ్ళు వదిలారు. రెండు వానలు కూడా తోడయ్యాయి. నెల తిరిగేసరికి కట్ట మొదలుకొని కొండ దాకా నీళ్ళే. ఊరంతా కట్ట మీదే. ముసలివాళ్ళు నీళ్ళకేసి చూస్తూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

మా ఊళ్ళో సరుకుల అంగడి నడిపే శెట్టికి మాత్రం ఏడవడానికి తీరిక లేదు. రెండు మోటారు పడవలు తెప్పించి బోటింగు పెడతానన్నాడు. నడపడానికి మనిషి కావాలి. నాకేమో మిషను మీద వంగి వంగి మెడ పట్టేసి, ఇంక ఆ పని వద్దని డాక్టరు చెప్పాడు. అదీగాక పదహారేళ్ళు రాయదుర్గంలో అద్దె గదిలో ఉండి, పదిహేను రోజులకోసారి ఇంటికి వచ్చినవాడిని. మా ఆవిడ రమీజా ఒకసారి, "మీరొస్తే ఇంటికి చుట్టమొచ్చినట్లుండాది" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. పడవ అంటే ఏమిటో తెలియకపోయినా సరేనని ఒప్పుకున్నాను. ఊళ్ళోనే పని, సాయంత్రానికి ఇంట్లో అన్నం. నాకు అంతకంటే అక్కర్లేదు.

శెట్టి నన్ను వారం రోజుల శిక్షణకు కృష్ణానది ఒడ్డుకు పంపాడు. అక్కడ అందరూ నది పక్కన పుట్టినవాళ్ళు. అనంతపురం నుంచి వచ్చానని చెబితే, "మీ వైపు పడవేంటండీ, ట్రాక్టరు మీద పెట్టి లాగుతారా?" అని నవ్వారు. మొదటి రెండు రోజులు వాళ్ళతో పాటు నేనూ నవ్వాను. మూడో రోజు నుంచి నవ్వలేదు.

కానీ పాఠాలు బాగా నేర్చుకున్నాను. నీళ్ళమీద దారి కనిపించదు కాబట్టి రంగురంగుల తేలే గుర్తులు పెడతారు. వాటికి ఇంగ్లీషు పేరు ఉంది. మా ఊళ్ళో వాటిని ఇప్పటికీ డ్రమ్ములే అంటారు, నేనూ అలాగే రాస్తాను. సముద్రం వైపు నుంచి పైకి వచ్చేటప్పుడు ఎర్ర డ్రమ్ము ఎడమ చేతికి, పచ్చ డ్రమ్ము కుడి చేతికి ఉండాలి. రెంటి మధ్యా దారి. వెనక్కి వెళ్ళేటప్పుడు చేతులు మారతాయి. నలుపు మీద ఎర్ర పట్టీ ఉండి, నెత్తిన రెండు నల్ల గుండ్లు ఒకదాని మీద ఒకటి ఉంటే, దాని కింద ఏదో ప్రమాదం దాగి ఉందని అర్థం. చుట్టూ లోతే, అక్కడ మాత్రం పోవద్దు. మా శిక్షకుడు ఒక మాట పదేపదే చెప్పేవాడు. గుర్తు ఎందుకు పెట్టారో నీకు తెలియకపోయినా సరే, దాన్ని దాటి పోవద్దు, పెట్టినవాడికి తెలిసే పెట్టి ఉంటాడు అని.

తిరిగి వచ్చి ఇదంతా శెట్టికి వివరించాను. ఆయన శ్రద్ధగా విని, "అంతా బాగుండాది. సముద్రం యాడుండాదప్పా?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్నే. మేమిద్దరం కట్ట మీద కూర్చుని గంటసేపు సముద్రం కోసం వెతికాం. చివరికి నీళ్ళు బయటికి పోయే తూము వైపు సముద్రమనీ, కాలవ వచ్చే వైపు పైభాగమనీ తేల్చాం. ఆ రోజు నుంచి మా ఊరి తూమును కొందరు సముద్రం అనే పిలుస్తున్నారు.

డ్రమ్ములు శెట్టి అంగడిలో నూనెకు వాడి పారేసినవే. నేనే కడిగి రంగులు వేశాను. నలుపు ఎరుపు డ్రమ్ముకు నెత్తిన గుండ్లు కావాలంటే మా ఇంట్లో రెండు పాత చెంబులు దొరికాయి. వాటికి నల్లరంగు వేస్తుంటే రమీజా చూసి, అడిగి తీసుకోవడం శిక్షణలో నేర్పలేదా అని కనుక్కుంది. ఒక్కో డ్రమ్మును తాడుతో ఒక్కో బరువైన రాయికి కట్టి నీళ్ళలోకి వదిలాం. నలుపు ఎరుపు డ్రమ్ముకు కట్ట మీద ఊరికే పడున్న రాతి కూసం కట్టాం. ఆరడుగుల పొడవున్న రాతి కంబం. నలుగురం పట్టుకుంటే గాని లేవలేదు. తూర్పు వైపు నీళ్ళ కింద ఒక బండ ఉంది, అందరికీ తెలిసిన బండే. దాని పక్కన వదిలి, మ్యాపులో గుర్తు పెట్టుకున్నాం.

మొదటి వారం జనాన్ని నమ్మించడమే పెద్ద పని. ఎర్ర డ్రమ్ము కనిపిస్తే పడవ ఆపమనేవాళ్ళు. గుంతకల్లులో రైల్వేలో చేసి రిటైరైన ఒకాయన నేను ఆపకుండా పోయేసరికి, "సిగ్నల్ కొట్టేసినావు, తెలుసునా నీకు?" అని దిగేదాకా నాతో మాట్లాడలేదు. దిగాక శెట్టికి కాగితం మీద ఫిర్యాదు రాసిచ్చాడు.

రెండో వారం అసలు గొడవ మొదలైంది. నీళ్ళ కింద చేన్లున్న రైతులు ఒక్కొక్కరే వచ్చారు. మా నేల మీద రాయి పడిందంటే అది హద్దురాయే. డ్రమ్ము కింద రాయి ఉందని తెలియగానే, సర్వే అవుతోందని వాళ్ళకు అనుమానం. "నా చేన్లో ఎవుర్ని అడిగి రాయేసినావు?" అని ఒకాయన. "వాని చేను పెద్దదిగా, నాది చిన్నదిగా కొలిచినావు" అని ఇంకొకాయన. ఇది దారి గుర్తు, పొలం గుర్తు కాదు అని గొంతు పోయేలా చెప్పాను. తలలూపి వెళ్ళి, మరునాడు లారీ ట్యూబుల మీద తేలుతూ పోయి ఒక పచ్చ డ్రమ్మును పక్కవాడి చేను మీదికి ఈడ్చారు. ఆ పక్కవాడు దాన్ని మళ్ళీ ఇవతలికి ఈడ్చాడు. ఇద్దరినీ పట్టుకున్నాను, ఇద్దరూ ఒప్పుకున్నారు. కూసంతో పోలిస్తే వాటి రాళ్ళు చిన్నవి, ఈడిస్తే వస్తాయి.

అందుకే ఒక ఉదయం నలుపు ఎరుపు డ్రమ్ము బండ దగ్గర కాకుండా నూటయాభై అడుగులు పడమట కనిపించినప్పుడు నేను భయపడలేదు. కోపం మాత్రం వచ్చింది. రెండు పడవలూ జత కట్టి, నలుగురం చెమటలు కక్కి రాయిని పైకి లాగి, తిరిగి బండ దగ్గర వదిలాం. మూడో రోజు మళ్ళీ పడమటే ఉంది. అదే చోట.

గాలి అనుకున్నాను. కానీ ఆ కాలంలో మా వైపు గాలి పడమటి నుంచి తూర్పుకు కొడుతుంది. డ్రమ్ము గాలికి ఎదురు పోయింది. తాడు విప్పి వేరే రాయికి కట్టి ఉంటారనుకున్నాను. పైకి లాగి చూస్తే అదే కూసం. సరే, ఈసారి నా విద్య చూపిస్తాననుకుని, తాడు ముడిని జీన్స్ దారంతో రెండు వరసలు కుట్టేసి మళ్ళీ బండ దగ్గర వదిలాను. నా కుట్టు నేను ఎక్కడైనా గుర్తుపడతాను. పడవలకు గొలుసు వేసి తాళం నా జేబులో పెట్టుకున్నాను. ఊళ్ళో ఉన్న లారీ ట్యూబులన్నీ శెట్టి తన అంగడి వెనక గదిలో వేయించాడు.

ఆ మరుసటి శుక్రవారం పట్టపగలు, నేను నమాజుకు పోయి వచ్చేలోపల డ్రమ్ము పడమటికి పోయింది. శెట్టి ఆ గంటా కట్ట మీద టికెట్ల బల్ల దగ్గరే కూర్చుని ఉన్నాడు. ఏం చూశావని అడిగితే, చెరువే చూస్తున్నానని ఒట్టు వేశాడు. కొంచెం నొక్కి అడిగితే, మధ్యలో కన్ను మూతపడి ఉండొచ్చన్నాడు. నలుగురు మనుషులు, రెండు పడవలు, అరగంట హడావిడి ఉంటే గాని కదలని రాయి. అంతా జరిగితే లేవనంత నిద్ర శెట్టికి కూడా ఉండదు. పైకి తీసి చూశాను. నా కుట్టు నేను వేసినట్టే ఉంది.

ఆ రోజు మొదటిసారి నాకు భయం వేసింది. ఎవరికీ చెప్పలేదు. రమీజాకు చెప్పాను, ఆమె వెంటనే ఊరందరికీ చెప్పింది. మరునాటికి ఆడవాళ్ళు కట్ట మీది నుంచి ఆ డ్రమ్ముకు దండాలు పెట్టడం మొదలుపెట్టారు. రెండు నల్ల తలలతో అది చూడ్డానికీ గ్రామదేవతలాగే ఉండేది. దాని తలలు మా ఇంటి చెంబులని రమీజా మాత్రం గర్వంగా చెప్పుకునేది.

ఇక్కడ నా ప్రాణం మీదికి వచ్చింది. మాకు ఇచ్చింది రెండు నెలల తాత్కాలిక అనుమతే. అది ముగిసేలోగా ఆఫీసరు వచ్చి, మ్యాపులో ఉన్న గుర్తులన్నీ ఉన్నచోటే ఉన్నాయా అని చూసి సంతకం పెట్టాలి. ఒక్కటి తప్పినా బోటింగు మూతపడుతుంది. మూతపడితే పడవలు అమ్మేస్తానని శెట్టి ముందే చెప్పాడు. నేను మళ్ళీ రాయదుర్గం బస్సెక్కాలి, పట్టేసిన మెడతో. రమీజా ఇంట్లో మళ్ళీ చుట్టంలా.

తనిఖీకి ముందురోజు మధ్యాహ్నం, మళ్ళీ పడమటికి పోయిన డ్రమ్మును నాలుగోసారి తెచ్చి బండ దగ్గర వదిలాం. పొద్దు మునిగేదాకా కట్ట మీద కూర్చుని దాన్నే చూశాను. కదల్లేదు. తెల్లవారి వచ్చి చూస్తే పడమటే ఉంది. ఆఫీసరు జీపు అప్పటికే కట్ట ఎక్కుతోంది.

పూర్తి బరువుతో పడవ నడిపి చూపించాలన్నాడు ఆఫీసరు. సీట్లు నింపడానికి శెట్టి కట్ట మీద కనబడినవాళ్ళందరినీ ఎక్కించాడు. వాళ్ళలో చెన్నరాయుడు ఒకడు. డెబ్భై దాటిన రైతు, ఈ నీళ్ళ కింద చేను పోయినవాడు. మోకాలి నొప్పి. రోజూ సాయంత్రం కట్టమీద కూర్చుని పోయిన పడవలను, వచ్చిన పడవలను లెక్కపెట్టేవాడు. ఎందుకు మామా అని అడిగితే జవాబు చెప్పేవాడు కాదు. ఆ రోజు ఎక్కనని మొరాయిస్తే శెట్టే చేయి పట్టి ఎక్కించాడు.

ఎర్ర డ్రమ్ములు, పచ్చ డ్రమ్ములు ఆఫీసరుకు నచ్చాయి. సముద్రం ఎటని ఆయన కూడా అడిగాడు. తూము చూపించాను. నవ్వి రాసుకున్నాడు. తర్వాత నలుపు ఎరుపు డ్రమ్ము దగ్గరికి వచ్చేసరికి మ్యాపు తిప్పి తిప్పి చూశాడు.

"ఇక్కడ మ్యాపులో ఏమీ లేదే. కింద ఏముంది?"

"తెలీదు సార్" అన్నాను.

"తెలియకుండా ఎందుకు పెట్టారు?"

దానంతట అదే వచ్చింది సార్ అంటే అనుమతి మాట అటుంచి, నన్ను ఆస్పత్రికి పంపుతాడు. ఆయన విసుగ్గా, ఏమీ లేనప్పుడు డ్రమ్ము మీదుగా నేరుగా పోనివ్వు, చూద్దాం అన్నాడు. శెట్టి నావైపు చూస్తూ పొమ్మని సైగ చేశాడు. పోతే అనుమతి వస్తుంది. పోకపోతే రాయదుర్గం. నా చెయ్యి స్టీరింగు మీద ఉంది, అది తిరగలేదు. ధైర్యం అనకండి. నాకు ఆ శిక్షకుడి మాట తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు.

"పోలేను సార్" అన్నాను. "గుర్తుంటే దాటగూడదని నేర్పినారు."

ఆఫీసరు పెన్ను తీశాడు. ఏదో కొట్టివేయడానికే తీశాడని నాకు అర్థమైంది. అప్పుడు వెనక సీట్లోంచి చెన్నరాయుడు లేచాడు. లైఫ్ జాకెట్లో ఆయన మొహం మాత్రమే కనబడుతోంది, అదీ చెమటతో తడిసిపోయింది.

"ఆడికి పోవద్దండి సార్. ఆడ మా బావి ఉండాది."

నీళ్ళు వదలక ముందు బావులన్నీ పూడ్చమని రైతులకు చెప్పారు. పూడ్చానని ఆయన వేలిముద్ర వేశాడు. పూడ్చలేదు. "మా నాయన తవ్విన బావి సార్. మన్నేసేదానికి చేతులు రాలేదు" అన్నాడు. మోటకు కట్టే రెండు రాతి స్తంభాలు ఇంకా నిలబడే ఉన్నాయని చెప్పాడు. చెబితే పేల్చేస్తారని భయం. చెప్పకపోతే పడవలకు ఏమవుతుందోనని భయం. అందుకే రోజూ కట్టమీద కూర్చుని, పోయినవన్నీ తిరిగి వచ్చాయా లేదా అని లెక్కపెట్టుకున్నాడు.

వెదురుగడతో మెల్లగా పొడిచి చూశాను. మూరెడు లోతులోనే రాయి ఠంగుమంది. పక్కనే ఇంకొకటి. మోటారు ఫ్యాను అంతకంటే కిందికి ఉంటుంది. మొదట్లో చెరువు నిండుగా ఉంది కాబట్టి మేము వాటిమీదుగా ఎన్నోసార్లు పోయాం, తెలియలేదు. రోజురోజుకూ నీళ్ళు తగ్గుతూ వచ్చాయి. ఆ ఉదయం పోయి ఉంటే పడవ చీలిపోయేది. పద్నాలుగు మందిమి. ఈత వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు, నేర్చుకోవడానికి మాకు నీళ్ళెక్కడివి?

ఆఫీసరు ఆ గడ అందుకుని తనే మరోసారి పొడిచి చూశాడు. తర్వాత బావిని మ్యాపులో గీసుకుని, బండకు ఇంకో డ్రమ్ము పెట్టమని చెప్పి, సంతకం పెట్టాడు. చెన్నరాయుణ్ణి ఏమీ అనలేదు. ఆయన అప్పటికే తనను తాను అనుకోవలసినవన్నీ అనుకుంటున్నాడు.

ఒడ్డుకు వచ్చాక అడిగాను, డ్రమ్మును జరిపింది నువ్వేనా మామా అని. ఆయన తన మోకాలు చూపించాడు. తర్వాత, దానికి ఏ రాయి కట్టినావని అడిగాడు. కట్ట మీద పడున్న కూసం అన్నాను.

"మూడు గీట్లు ఉండెనా దానిమింద?"

ఉన్నాయి. అది ఆయన చేను హద్దురాయి. బావి పక్కన మూలకు ఉండేది. నీళ్ళలో కలిసిపోతుందని మనసొప్పక, ముందే పెకలించి బండి మీద కట్టకు తెచ్చి పెట్టుకున్నాడట. నేను దాన్నే మోసుకెళ్ళి నీళ్ళలో వేశాను.

వేసవిలో నీళ్ళు బాగా లోపలికి పోయాయి. బావి చుట్టూ బురద ఆరాక నేనూ, చెన్నరాయుడూ, పక్క చేను ఆంజనేయులూ నడిచి వెళ్ళాం. నాలుగుసార్లు పైకి తీసినప్పుడూ ఆ కూసం అడ్డంగా పడుకునే ఉంది. ఇప్పుడు నిలబడి ఉంది. మోకాలి లోతు నేలలోకి దిగి, హద్దురాయి ఎలా పాతుతారో అలా, నిటారుగా. నడుముకు నా తాడు, తాడు మీద నా కుట్టు. ఊపి చూశాను. కదల్లేదు.

చెన్నరాయుడు రాయిని చూడలేదు. బావి గట్టు నుంచి రాయి దాకా అడుగులు వేసి కొలిచాడు. మళ్ళీ వెనక్కి పోయి కొలిచాడు. ఆరడుగులు రావాలట, ఏడు వచ్చాయి. రాయి ఒక అడుగు ఆంజనేయులు చేనులోకి జరిగి ఉంది.

"మా నాయనే" అన్నాడు.

ఎలా తెలుసన్నాను.

"బతికినన్ని దినాలూ ఏటేటా దుక్కి దున్నేటప్పుడు ఒక అడుగు జరుపుతాండె. వీళ్ళ నాయన మళ్ళా ఎనక్కి పాతుతాండె." నవ్వడం మొదలుపెట్టి, నవ్వుతూనే తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

ఆంజనేయులు రాయి చుట్టూ ఒకసారి తిరిగాడు. గొడవ తప్పదనుకున్నాను. నాలుగు నెలల్లో మళ్ళీ నీళ్ళ కిందికి పోయే ఒక అడుగు నేల కోసం తల పగలగొట్టుకునే ఊరు మాది. ఆయన మాత్రం, "పోనీలేన్నా, ఈడే ఉండనీ. మా మనమరాలు గూడా ఆ పడవ ఎక్కుతాండాది" అన్నాడు.

ఎవరు జరిపారో, ఎలా జరిపారో నాకు ఈరోజుకూ తెలియదు. నీటి అడుగున లాగుడు ఉంటుందని ఆఫీసరు ఒక కారణం చెప్పాడు. అది రాయిని ఈడ్చగలదేమో, పాతగలదా అని అడిగాను. ఆయన ఆలోచించి చెబుతానన్నాడు, ఇంకా చెప్పలేదు. ఆలోచించి ఆలోచించి నేనూ మానేశాను.

అనుమతి ఏటా తిరగ రాయించుకోవాలి. ఈసారి ఇచ్చిన ఫారంలో ప్రతి గుర్తుకూ ఎదురుగా, దాన్ని అమర్చినవారి పేరు అని ఒక గడి ఉంది. ఎర్ర డ్రమ్ములకు, పచ్చ డ్రమ్ములకు నా పేరు రాశాను. బండ దగ్గరి కొత్త డ్రమ్ముకూ నా పేరే. బావి దగ్గరి డ్రమ్ముకు వచ్చేసరికి పెన్ను ఆగింది. నాలుగుసార్లు దాన్ని అక్కడి నుంచి తీసేసినవాణ్ణి, అమర్చింది నేనని ఎలా రాస్తాను?

చెన్నరాయుణ్ణి అడిగి వాళ్ళ నాయన పేరు రాశాను. నారాయణప్ప, రైతు. ఆఫీసరు చదివి నావైపు ఒకసారి చూసి, ముద్ర వేశాడు.

అయితే నమ్మినట్టే గదా అంటుంది రమీజా. నమ్మలేదు. ఆ గడిలో రాయడానికి నాకు వేరే పేరు దొరకలేదు, అంతే.